మంచి మోకాలికి పట్టీ

మా అక్క సారలమ్మ ప్రతి మ్యాచికీ ముందు మా బావ మోకాలికి పట్టీ కట్టేది. పాడైన మోకాలికి కాదు, మంచిదానికి.

పాడైంది ఎడమది. ఫ్యాక్టరీ పనిలో చేరకముందు వరంగల్లో ఒక టోర్నమెంటులో గోల్‌కీపర్ ఒకడు మీదపడి లోపల ఏదో తెంపేశాడు. అప్పటినుంచి మెట్లు దిగుతుంటే అది ఉన్నట్టుండి పక్కకు జారేది. ఎవడికి ఏ కాలు పాడైందో తెలిస్తే చాలు, ఆటలో అవతలివాళ్ళు బంతిని వదిలేసి ఆ కాలి వెంట పడతారు. అందుకని అక్క ఆలోచించి కుడి మోకాలికి పట్టీ చుట్టి పంపేది. ఆమె జన్మలో ఫుట్‌బాల్ మ్యాచి చూడలేదు. మనుషుల్ని మాత్రం బాగా చూసింది. లీగులో ఉన్న జట్లన్నీ మా బావ కుడి మోకాలిని తన్ని తన్ని అలిసిపోయేవి. ఎడమదాని సంగతి మా ఇంట్లో ముగ్గురికి తప్ప మరొకరికి తెలియదు.

నేను చెప్పేది ఎనభై ఎనిమిది వేసవి సంగతి. బావ బిక్షపతి నాచారం పారిశ్రామికవాడలో ఇనుప గొట్టాలు చేసే ఒక ఫ్యాక్టరీ జట్టుకు స్టాపర్ బ్యాక్. అంటే గోల్‌కు ముందు నిలబడి, వచ్చినవాణ్ణి వచ్చినట్టే మట్టి కరిపించే పని. నా పేరు కొమురెల్లి. అమ్మా నాన్నా పోయాక అక్కాబావల దగ్గరే పెరిగాను. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్ళు. చదువు అబ్బలేదు. బంతిని కాలికి అంటించుకుని పరిగెత్తడం ఒక్కటే వచ్చు. అది కూడా బావ నన్ను తన్ని తన్ని నేర్పిందే.

ఆ ఫ్యాక్టరీ పద్ధతి ఒకటి చెప్పాలి, లేకపోతే జరిగింది అర్థం కాదు. జట్టులో ఉన్నవాళ్ళకు మధ్యాహ్నం దాకే పని, అదీ ప్యాకింగులోనో స్టోర్సులోనో నీడపట్టున. ఆ తర్వాత ప్రాక్టీసు. జట్టులోంచి దించేస్తే మాత్రం ఏ షెడ్డులో మనుషులు తక్కువైతే ఆ షెడ్డుకు తోలేవాళ్ళు. ఎప్పుడు చూసినా మనుషులు తక్కువయ్యేది ఆసిడ్ షెడ్డులోనే. గొట్టాల తుప్పు వదలడానికి వాటిని తొట్లలో ముంచి తీసే చోటు అది. కంపెనీ మ్యాచిలో, అందరి కళ్ళముందూ దెబ్బ తగిలి ఆటకు పనికిరాకుండా పోయినవాడికి ఒక్కడికే దీన్నుంచి మినహాయింపు. వాడికి గేటు దగ్గర వాచ్‌మన్ పని ఇచ్చేవాళ్ళు. అది పాత నొప్పి అని డాక్టరు ఒక్క మాటన్నా ఆ కుర్చీ కూడా దక్కదు.

మా పక్కింటి పోశయ్య ఒకప్పుడు ఇదే జట్టులో లెఫ్ట్ వింగ్ ఆడేవాడట. దించేశాక ఆసిడ్ షెడ్డులో పడ్డాడు. ఆ పొగకు ముందుపళ్ళు అరిగి చిగుళ్ళలో కలిసిపోయాయి. దగ్గు మొదలుపెడితే మా గోడమీది గిన్నెలు అదిరేవి. నమలలేడు కాబట్టి అక్క రోజూ గంజి కాచి గోడమీంచి అందించేది. ఆయన రెండు చేతులతో అందుకుని తల పైకెత్తకుండా తాగేవాడు. ఆ మనిషి గాలిలాగా పరిగెత్తేవాడని బావ చెబితే నాకు నవ్వొచ్చేది. బావకు రాలేదు.

మే నెలలో ఒక సాయంత్రం కోచ్ చిదంబరం సారు ప్రాక్టీసు ఆపి అందర్నీ నేలమీద కూర్చోబెట్టాడు. రాజమండ్రి వైపు మనిషి. మెడలో విజిల్, చేతిలో వెదురుకర్ర. విజిల్ కన్నా కర్రే ఎక్కువ వాడేవాడు.

"ఆగస్టులో మనం కలకత్తా టోర్నమెంటుకి వెళ్తున్నాం. అక్కడి క్లబ్బులవాళ్ళు వచ్చి ఆటగాళ్ళని చూసుకుంటారు. ఈ ముసలి గుర్రాలతో వెళ్ళి నేను నవ్వులపాలు కాలేను. జూన్ మొదటి ఆదివారం ట్రయల్ పెడుతున్నాను, బయటి కుర్రాళ్ళకీ జట్టుకీ మధ్య. బాగా ఆడిన కుర్రాళ్ళని ఇద్దర్ని తీసుకుంటాను. ఇద్దరు ఎక్కితే ఇద్దరు దిగాలి. ఇందులో ఏడవడానికేం లేదు."

నేను గ్రౌండు బయట సైకిలు పట్టుకుని నిలబడి విన్నాను. నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే సైకిలు బెల్లు మోగుతుందేమో అనిపించింది. కలకత్తా క్లబ్బులంటే అప్పట్లో మాకు దేవలోకం. అక్కడ ఆటగాడు కనబడితే జనం చేపల బేరం ఆపేసి వెంటబడతారని చెప్పుకునేవాళ్ళం. ఎక్కేది నేనైతే దిగేది ఎవరు అన్న ఆలోచన ఆ సాయంత్రం నాకు రాలేదు. బావకు వచ్చింది.

మర్నాడు పొద్దున్నే చెరువు పక్క ఎర్రమట్టి గ్రౌండుకు తీసుకుపోయాడు. రోజూ పోయేదే. ఆ రోజు బంతిని నా ముందు పెట్టి, ఎడమ మోకాలి మీద అరచేత్తో చరుచుకున్నాడు.

"గీడ తన్ను."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"ఇను. సారు నన్ను దించుతడు. దించితె నేను పోశయ్య అయిత. గదే ట్రయల్ల, మేనేజర్ సూస్తుండంగ ఈ మోకాలు ఇరిగిందనుకో, గేటు కాడ కుర్సీ. ఎట్లైనా పోయిన మోకాలే గదరా ఇది."

"ఊకె కింద పడరాదు బావా?"

"ఊకె పడితె పాత నొప్పి అంటరు. తన్నాలె. అందరు సూడాలె."

"అయితే నా దోస్తు దామోదర్‌గానికి చెప్త. వాడు గూడ ట్రయల్ ఆడుతుండు, మస్తు తంతడు."

"వాడు కుడిదాన్ని తంతడు. ఎవ్వడైన కుడిదాన్నే తంతడు, మీ అక్క కట్టిన పట్టీ జూసి. ఎడమది అని ఎరుకున్నోడివి నువ్వొక్కనివే."

తన్నను అన్నాను. చెంప పగిలింది. ఆయన చెయ్యి ఎప్పుడు లేచిందో కూడా నేను చూడలేదు.

అక్కణ్ణించి రోజూ అదే తంతు. బంతి పట్టుకుని నేను వస్తాను, ఆయన ఎడమకాలు చాపి అడ్డం నిలబడతాడు, నేను దాని మీంచి దూకుతాను లేదా పక్కకు తప్పుకుంటాను. తప్పుకున్నప్పుడల్లా వెనకనుంచి పిక్కమీద తన్నేవాడు. కిందపడితే లేవనిచ్చేవాడు కాదు. ఒకసారి బూటు కిందున్న మేకులతో నా తొడ చీరేశాడు. ఇంకోసారి జుట్టు పట్టుకుని మొహాన్ని మట్టికేసి రాశాడు. "కోపం రాదురా నీకు? తల్లిపాలు తాగలేదా?" అని అరిచేవాడు. కోపం వచ్చేది. రాత్రిళ్ళు పళ్ళు నూరుకునేంత వచ్చేది. పొద్దున్నే ఆ కాలు ముందుకొచ్చేసరికి, దానికి నూనె మర్దన చేస్తూ కూర్చునే అక్క గుర్తొచ్చి నా కాలు వెనక్కి పోయేది. ఆ దెబ్బలన్నీ నాకు కోపం తెప్పించడానికేనా, లేక తనని దించడానికి వచ్చింది నేనేనన్న మంట కూడా వాటిలో ఉందా అని చాలాసార్లు అనుకున్నాను. రెండూ ఉండి ఉంటాయి. మనిషి దేవుడేం కాదు.

అక్కకు ఇదేమీ తెలియదు. నా తొడకు పసుపు అద్దుతూ, "గిదేం పిరాక్టీసు, మనిషిని గొడ్డును బాదినట్టు?" అని బావను తిట్టేది. బావ కంచంలోకి తల దించుకుని తినేవాడు.

ట్రయల్ ఇంకా రెండు రోజులుందనగా సాయంత్రం అక్క నన్ను కల్లు కాంపౌండుకు పంపింది, బావను పిలుచుకు రమ్మని. తడిక బయట ఉండగానే కనకరాజు గొంతు వినబడింది. జట్టులో హాఫ్ బ్యాక్, దున్నపోతు లాంటి మనిషి. సీనియర్లందరూ సీసాల చుట్టూ కూర్చుని కుర్రాళ్ళను పంచుకుంటున్నారు. ఇది ఆ జట్టులో పాత ఆనవాయితీ. ట్రయల్ అంటే ఎవడి పొట్టమీదికి వచ్చిన కుర్రాణ్ణి వాడు నడవకుండా చేసి పంపడం.

"దామోదర్‌గాడు నాకు" అన్నాడు కనకరాజు. "పిల్లగాని కాళ్ళు జింకకాళ్ళు. పుల్లల్లెక్క ఇరుగుతయి."

అందరూ నవ్వారు.

"బిక్షపతన్నా, నీ బామ్మర్దిని నువ్వే జూసుకో. ఇంటోడు గద, ఇంట్లనే తెగాలె."

"నేన్ జూసుకుంట" అన్నాడు బావ.

"సూసుకుంటనంటె గాదు. మోసుకపోవాలె వాణ్ణి. నీతోని గాకపోతె జెప్పు, మేమున్నం."

బావ సీసా ఖాళీ చేసి లేచాడు. బయట నన్ను చూసి ఆగలేదు. ఇంటి ముందుకు వచ్చాక మాత్రం తిరిగాడు.

"ఇన్నవు గద? నేను నిన్ను తన్నకపోతె వాళ్ళు తంతరు. నువ్వు నన్ను తంతె ఇద్దరం బతుకుతం. ఇప్పుడన్న తంతవా?"

"నాతోని గాదు బావా."

కడుపులో గుద్దాడు. నేను వంగితే వీపుమీద మోచేత్తో వేశాడు. ఆ రోజు నేనూ ఊరుకోలేదు. ఆయన నడుం పట్టుకుని గోడకేసి కొట్టాను. ఇద్దరం వాకిట్లో దొర్లుతూ కొట్టుకున్నాం. నా చెవి ఆయన పళ్ళ మధ్య ఉంది, ఆయన గొంతు నా చేతుల్లో ఉంది. రోకలి తీసుకుని బయటికొచ్చిన అక్క ఇంకేం చూడలేదు. మొగుడి భుజంమీద ఒక్కటి వేసింది. ఆ దెబ్బకు బావ నన్ను వదిలి కూలబడ్డాడు.

"నా తమ్మున్ని సంపుతవా? గీ పిలగాని మీద ఏం పగరా నీకు?" అంది. ఆమె మొగుణ్ణి 'రా' అనడం నేను అదే మొదలు వినడం.

"పగ గాదే" అన్నాడు బావ. తర్వాత అంతా చెప్పేశాడు. మోకాలు, గేటు, కుర్చీ. నేల చూస్తూ, తప్పు చేసి దొరికిన పిల్లాడిలా చెప్పాడు.

అక్క రోకలి పట్టుకునే నిలబడి వింది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. గోడ అవతల పోశయ్య దగ్గడం మొదలుపెట్టాడు. ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు. ఆగేదాకా ఆమె గోడవైపే చూసింది. తర్వాత రోకలి మూలన పెట్టి, గంజి పొయ్యిమీద పెట్టింది.

ఆదివారం పొద్దున్న బావ నిక్కరు తొడుక్కుంటుంటే అక్క పట్టీ చుట్ట తీసుకుని ముందుకొచ్చింది.

"ఇయ్యాల వద్దులే" అన్నాడు బావ. "ఇయ్యాల దాసుకునేదేముంది?"

"కాలు ఇటియ్యి."

"ఎందుకే?"

"కుడిది పాడైందని ఊరంత అనుకుంటున్నది. గట్లనే అనుకోనీ. ఎడమది ఇరిగినంక అది మంచిగుండెనని వాళ్ళే చెప్తరు. మనం చెప్తె నమ్మరు." ఆమె బావ కుడి మోకాలికి పట్టీ చుట్టింది. ఎప్పటికన్నా గట్టిగా, నిదానంగా చుట్టింది. కొస లోపలికి దోపాక లేచి, నా మొహం చూడకుండా నా కంచంలో అన్నం పెట్టింది.

"తిని పో. ఒట్టి కడుపుతోని కాలు లేవది."

తిని లేచాను.

గ్రౌండు చుట్టూ జనం. షిఫ్టు దిగిన కార్మికులు, ఉప్పల్ నుంచి, బోడుప్పల్ నుంచి వచ్చిన కుర్రాళ్ళు. షామియానా కింద మేనేజరు, పక్కన కంపెనీ డాక్టరు. ఎండ నిప్పులు చెరుగుతోంది. విజిల్ ఊదాక బంతి కన్నా ముందు మోచేతులు లేచాయి. కుర్రాళ్ళలో ఒకడి ముక్కు అప్పుడే చితికింది. రెండోవాడు కడుపు పట్టుకుని గీత బయట వాంతి చేసుకున్నాడు. చిదంబరం సారు విజిల్ ఊదాల్సినచోట ఊదలేదు. ఎవడు తట్టుకుంటాడో చూడటమే ఆయనకు కావాలి.

దామోదర్ నా స్నేహితుడు. ఉప్పల్ చౌరస్తా వెనక ఇల్లు. మా అందరిలోకీ ఆట వాడిదే. బంతి వాడి దగ్గరుంటే వాడికి ఇంకేం కనబడేది కాదు. అందుకే కనకరాజు రావడం కూడా కనబడలేదు. రెండు కాళ్ళూ ఎత్తి వాడి ఎడమ పిక్కమీద దిగాడు. ఆ చప్పుడు షామియానా దాకా వినబడింది. దామోదర్ వెంటనే అరవలేదు. కాలు వంగకూడని చోట వంగి ఉంటే దాన్ని వింతగా చూశాడు, తర్వాత అరిచాడు. వాణ్ణి నలుగురు మోసుకుపోతుంటే కనకరాజు చేతులు దులుపుకుంటూ బావ వైపు చూసి, ఇక నీ వంతు అన్నట్టు గడ్డం ఎగరేశాడు.

వెంటనే నాకు బంతి దొరికింది. ముందు బావ ఒక్కడే ఉన్నాడు. ఎడమకాలు చాపాడు, పొద్దున్నే గ్రౌండులో చాపినట్టే. నేను దగ్గరికి పోయాను, కాలు ఎత్తాను, మీంచి దూకేశాను. బంతి బయటికి పోయింది. జనం ఈలలు వేశారు.

బావ వెనకనుంచి చొక్కా పట్టి లాగి, పక్కటెముకల్లో మోచేయి దించాడు. ఊపిరి ఆగి నేను మోకాళ్ళమీద పడితే, లేపుతున్నట్టు వంగి చెవిలో అన్నాడు.

"మీ అక్క రేపటిసంది రెండు గిన్నెల గంజి కాస్తది. పోశయ్యకొకటి, నాకొకటి. మంచిగుంటదా?"

ఆట చివరికొచ్చింది. మా కుర్రాళ్ళలో నడుస్తున్నవాళ్ళు సగంమందే. కుడివైపు నుంచి బంతి నా ముందు పడింది. బావ వస్తున్నాడు. ఆ పరుగులో కుంటు లేదు. నొప్పిని పంటికింద నొక్కిపెట్టి ఆయన పూర్తి వేగంతో వస్తున్నాడు. ఆ మొహం చూశాను. అన్ని పొద్దుల దెబ్బలూ, మట్టిలో రుద్దిన మొహం, చీరిన తొడ, తల్లిపాలు తాగలేదా అన్న మాట అన్నీ ఒక్కసారే నా కాలిలోకి దిగాయి. అక్క కోసమే తన్నానని చెప్పుకుంటే గొప్పగా ఉంటుంది. ఆ తన్నులో అక్కమీద ప్రేమ ఎంత ఉందో బావమీద కసి కూడా అంతే ఉంది. బంతి వదిలేసి, పట్టీ లేని మోకాలిని పక్కనుంచి తన్నాను.

అది విరిగింది. నా పాదానికి తెలిసింది.

బావ పడలేదు. అదే విచిత్రం. ఒంటికాలిమీద నిలబడి నా చొక్కా పట్టుకుని, మొహంమీద పిడికిలితో గుద్దాడు. నా ముందుపన్ను విరిగి నాలుకమీద పడింది. అప్పుడు పడ్డాడు. పడి, గ్రౌండంతా మోగేలా నన్ను, మా వంశాన్ని, నన్ను పుట్టించినవాణ్ణి బూతులు తిట్టాడు. కనకరాజూ వాళ్ళూ నా మీద పడ్డారు. ఎవడు ఎక్కడ తన్నాడో గుర్తు లేదు, అన్నిచోట్లా తన్నారు. సారు వెదురుకర్రతో వాళ్ళను గొడ్లను అదిలించినట్టు అదిలించి నన్ను బయటికి లాగాడు.

డాక్టరు బావ దగ్గర కూర్చుని మోకాలు వత్తి చూశాడు. "ఇందులో పాత దెబ్బ ఏదైనా ఉందా?" అని అడిగాడు. మేనేజరు వెనక నిలబడి ఉన్నాడు. నోట్లో రక్తం మింగుతూ నేను ఊపిరి బిగపట్టాను.

"లేదండీ" అన్నాడు చిదంబరం సారు. "ఇతనికి పాత నొప్పి ఉన్నది కుడి మోకాలికి. అదిగో, పట్టీ చూడండి."

"ఎడమ కాలు ఇనుము సారూ" అన్నాడు కనకరాజు, ఏడుపు గొంతుతో. "ఇన్నేండ్లసంది పక్కపొంటి ఆడుతున్న, నాకెరుక లేదా? బంగారమసొంటి కాలును ఈ లుచ్చాగాడు ఇరగ్గొట్టిండు."

డాక్టరు తలూపాడు. పట్టీ కట్టిన కుడి మోకాలిని జాలిగా కూడా చూశాడు. ఆ నొప్పిలో కూడా బావ కళ్ళు మూసుకుని మొహం పక్కకు తిప్పేసుకున్నాడు. నవ్వు దాచుకున్నాడో ఏడుపు దాచుకున్నాడో తెలియలేదు.

సారు నా గడ్డం పట్టి నోరు తెరిపించి చూశాడు. "సొంత బావని అలా తన్నావంటే నీకు కనికరం లేదురా. కలకత్తాలో పనికొస్తావు" అన్నాడు. నేను ఆ జట్టులోకి ఎంపికైన తీరు అదీ.

ఇంటికి పోయేసరికి వార్త నాకన్నా ముందే చేరింది. వాకిలి నిండా బస్తీ ఆడవాళ్ళు. అక్క నన్ను చూడగానే కాలి చెప్పు తీసింది. పగిలిన పెదవిమీదే కొట్టింది. రెండో చెంపమీద కూడా కొట్టింది. లోపలికి పోయి నా సంచీ తెచ్చి వీధిలోకి విసిరింది.

"నా మొగుని కాలు ఇరగ్గొట్టి నా ఇంటికే వస్తవా? మళ్ళ ఈ గడప తొక్కినవంటె నీ కాళ్ళిరుగుతయి!"

ఫ్యాక్టరీవాళ్ళు సగంమంది ఉండేది ఆ బస్తీలోనే. మేం ముగ్గురం కలిసి ఒక్క గిన్నెలో తింటున్నట్టు తెలిస్తే సాయంత్రానికి మేనేజరు చెవిన పడుతుంది. కుర్చీ పోతుంది. అంతా నాకు తెలుసు. తెలిసినా ఆ చెప్పుదెబ్బలో నటన ఎంతో, నిజం ఎంతో మాత్రం నాకు అంతుబట్టలేదు. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి. అవి ఎవరి కోసమో అడిగే వీలు లేదు. సంచీ భుజాన వేసుకుని ఉప్పల్ దాకా నడిచాను.

దామోదర్ ఇంట్లో చోటిచ్చారు. కట్టు కట్టిన కాలు మంచంమీద చాపుకుని వాడు రోజూ ఒకే మాట అడిగేవాడు, "ఇయ్యాల ఏం ఆడిన్రు?" అని. చెప్పేవాణ్ణి. వాడి కాలు అతికింది గాని ఆట అతకలేదు. మా ఇద్దరిలో కలకత్తా పోవాల్సింది వాడని ఇప్పటికీ నా నమ్మకం.

బావ కాలు మళ్ళీ వంగలేదు. అంత గట్టిగా తన్నమని ఆయన అడగలేదు, అంతకన్నా మెత్తగా తన్నడం నాకు చేతకాలేదు. జులైలో వానలు పడేనాటికి ఖాకీ చొక్కా వేసుకుని, ఎడమకాలు కట్టెలా ముందుకు చాపుకుని గేటు దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. బయటికి పోయే ప్రతివాడి ఒళ్ళూ తడిమి చూడటం ఆయన పని. లోపలి ఇత్తడి ముక్క, బోల్టు బయటికి పోకూడదు. జట్టువాణ్ణి కాబట్టి నాకు ప్యాకింగులో పని ఇచ్చారు. మధ్యాహ్నం ఆ గేటులోంచే బయటికి రావాలి. అందరినీ చేతులతో తడిమేవాడు. నన్ను మాత్రం కర్ర కొసతో పొడిచి, "పో" అనేవాడు. ఉమ్మేసేవాడు కూడా. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. నేను తల దించుకుని పోయేవాణ్ణి.

ఆ నెలంతా అలాగే గడిచింది. అక్కను ఒక్కసారి మాత్రం నాచారం కూరగాయల అంగట్లో దూరం నుంచి చూశాను. ఆమె నన్ను చూసి బేరం ఆపి వెనక్కి తిరిగిపోయింది. కలకత్తా మాట అటుంచి, నాకు అన్నం కూడా సయించేది కాదు. నిజంగానే వాళ్ళకు నేనంటే అసహ్యం పుట్టిందేమో, మొదట్లో నటన అయినా తర్వాత నిజమైపోయిందేమో అని భయపడేవాణ్ణి. బావ ఉమ్మి అచ్చం నిజంలాగే ఉండేది.

కలకత్తా రైలు ఎక్కే రోజు వచ్చింది. మధ్యాహ్నం కుండపోత వాన. గేటు రేకు కింద ఇరవై ముప్పైమంది ఇరుక్కుని నిలబడ్డాం, వెనకే కనకరాజు కూడా ఉన్నాడు. నా వంతు వచ్చింది. కర్ర కోసం ఎదురుచూశాను. బావ కర్రను గోడకు ఆనించాడు.

"చేతులెత్తు."

ఎత్తాను. కుర్చీలోంచి లేచి చొక్కా తడిమాడు, నడుం తడిమాడు. ఆయన చేతుల వాసన, అదే అక్క కాచే నూనె వాసన, ముక్కుకు తగిలింది. వంగలేని కాలు పక్కకు చాపుకుని కష్టంగా వంగి నా రెండు మోకాళ్ళూ పట్టుకున్నాడు. కుడిది వత్తాడు, ఎడమది వత్తాడు. ఏదైనా నొప్పి ఉందేమోనని వెతికే చేతులవి. పొద్దున్నే ఎర్రమట్టి గ్రౌండులో పడి లేచినప్పుడల్లా అలాగే వత్తి చూసేవాడని నాకు అప్పుడు గుర్తొచ్చింది.

"ఏం దొరికిందన్నా దొంగనాకొడుకు కాడ?" అన్నాడు కనకరాజు వెనకనుంచి.

"ఏం లేదు" అన్నాడు బావ.

ఆయన చెయ్యి పైకి వస్తూ నా నిక్కరు జేబులో ఏదో దోపింది. మెత్తగా, చుట్టగా ఉంది. ఉతికి ఎండబెట్టిన గుడ్డ. ఫ్యాక్టరీలోంచి ఒక్క మేకు కూడా బయటికి పోనివ్వని మనిషి.

"మీ అక్క ఇయ్యమన్నది" అన్నాడు, నాకు మాత్రమే వినబడేలా. "మంచిదానికి కట్టుకో."

తర్వాత కర్ర తీసుకుని, అందరూ చూసేలా నా వీపుమీద ఒక్కటేశాడు. గట్టిగానే తగిలింది. వానలోకి నడిచాను, వెనక్కి తిరిగి చూడలేదు.